తొంభై ఒక్క చెంచాలు

సోమవారం పొద్దున సీసా మళ్ళీ కిటికీలోకి వచ్చింది.

నేను దాన్ని తీసి ఫ్రిజ్‌లో పెట్టాను. పాల మీద ఒక కన్ను వేసి, గిన్నెలు తుడిచి, వెనక్కి తిరిగేసరికి అది కిటికీలోనే ఉంది. ఎండలో పసుప్పచ్చగా మెరుస్తోంది.

"అత్తయ్యా, దీన్ని బయట పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"గడ్డకట్టిన నూనె చెంచాలోకి రావద్దూ? కాస్త ఎండ తగిలితే కరుగుతుందని పెట్టాను. నువ్వు మంచులో పెడతావు, నేను ఎండలో పెడతాను. మధ్యలో దానికి జలుబు చేస్తుంది."

"వెల్లుల్లి వేసిన నూనె బయట ఉంటే విషం పుట్టొచ్చు. రంగు మారదు, వాసన మారదు, మనకు తెలియను కూడా తెలియదు."

"మా అమ్మ ఏడాది పొడుగునా గూట్లోనే పెట్టేది. మేమెవరం పోలేదే."

"పోయినవాళ్ళు వచ్చి చెప్పరు కదా నానమ్మా," అంది మా అమ్మాయి, కాలేజీకి వెళ్తూ బూట్ల తాళ్ళు కట్టుకుంటూ.

"నువ్వు తాళ్ళు సరిగ్గా కట్టుకో, పడతావు," అంది అత్తగారు. అంటూనే సీసా మూత బిగించి, ఫ్రిజ్ తలుపు లాగి, లోపల పాల పక్కన పెట్టింది. పెట్టేటప్పుడు కావాలని కాస్త గట్టిగానే చప్పుడు చేసింది.

నిజానికి ఆ రోజు ఆ నూనెతో పని ఉందో లేదో మా ఇద్దరికీ తెలియదు. మా ఆయన ఆ నూనె తాగాల్సిన తొంభై ఒక్క రోజులు ఆదివారంతో ముగిశాయి. ఆయన ఆ పొద్దున్నే పరగడుపున పరీక్షకు రక్తం ఇవ్వడానికి వెళ్ళారు. సాయంత్రానికి కొలెస్ట్రాల్ అంకె తెలుస్తుంది. అయినా అత్తగారు ఆ వారానికి నూనె కాచేసింది. "అంకె ఎంతొచ్చినా ఈ వారం ఆకలి ఆగదుగా," అంది అడిగితే.

మా ఆయన కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తారు. ఇరవై రెండేళ్ళుగా అదే షాపు, అదే చీకటి గది, గోడ మీద అవే అక్షరాలు. మూడు నెలల క్రితం యాభై నిండిన సందర్భంగా నేను పోరి పోరి పరీక్షలు చేయించాను. మొత్తం కొలెస్ట్రాల్ రెండు వందల యాభై ఎనిమిది వచ్చింది. అందులో చెడుది నూట డెబ్బై నాలుగు. డాక్టరమ్మ కాగితం చూసి, "మీ నాన్నగారు ఎలా ఉన్నారు?" అని అడిగింది. లేరని, యాభై ఒకటో ఏట గుండెపోటుతో పోయారని చెప్పారు. ఆమె కలం తీసింది. మాత్ర రాయబోతోందని తెలియగానే ఆయన కుర్చీలో వెనక్కి జరిగారు.

ఆయనకు మాత్రంటే భయం. వాళ్ళ నాన్నగారికి గుండె కోసమని రోజుకొకటి చొప్పున ముప్పై మాత్రలున్న డబ్బా ఇచ్చారట. ఇరవై ఎనిమిదో రోజున ఆయన పోయారు. అల్మారాలో డబ్బా తీసి చూస్తే రెండే మిగిలాయి. అప్పటికి మా ఆయనకు పదిహేడేళ్ళు. "ఇరవై ఎనిమిది మాత్రలు మింగి పోయాడు మా నాన్న. అంతకు ముందు దుక్కలా ఉండేవాడు," అని పెళ్ళైన కొత్తలోనే నాకు చెప్పారు. ఆ తర్వాత తలనొప్పికి కూడా మాత్ర వేసుకోగా నేను చూడలేదు.

"మూడు నెలలు టైమివ్వండి, తిండితో తగ్గిస్తాను," అని డాక్టరమ్మను బతిమాలారు. ఆమె ఒప్పుకుంది. చెడుది నూట ముప్పైకి దిగాలంది. ఇంటికొచ్చి చెప్పగానే అత్తగారు వెల్లుల్లి బుట్ట ముందేసుకుని కూర్చుంది.

నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. చదివిందేదీ వంటింట్లో అక్కరకు రాలేదు కాబట్టి, ఇదిగో ఇప్పుడొచ్చింది అనుకున్నాను. లైబ్రరీకి వెళ్ళి దొరికినవన్నీ చదివాను. చదివే కొద్దీ అయోమయం పెరిగింది. వెల్లుల్లిని నలిపితే గంధకపు పదార్థాలు పుడతాయట. నలపకుండా వేడి చేస్తే అవి పెద్దగా పుట్టవట. చెడు కొలెస్ట్రాల్ ఆక్సిజన్ సోకి పాడైతే రక్తనాళాల గోడలకు ఎక్కువ హాని చేస్తుందని, ఆ పాడవడాన్ని వెల్లుల్లి కొంత అడ్డుకుంటుందని గాజు గొట్టాల్లో చేసిన పరీక్షలు చెప్తున్నాయి. మనుషులకు ఇచ్చి చూసినప్పుడు కొందరు తగ్గిందన్నారు, కొందరు ఏమీ లేదన్నారు. తగ్గినా కొద్దిగానే. ఒకరు పొడి ఇచ్చారు, ఒకరు రసం, ఒకరు ఆవిరి పట్టి తీసిన నూనె. ఇంట్లో కాచిన నూనె సంగతి నాకు దొరకనే లేదు.

"యాంటీ ఆక్సిడెంట్ అంటే?" అని అడిగింది అత్తగారు.

"తుప్పు పట్టకుండా ఆపేదనుకోండి."

"రక్తం తుప్పు పడుతుందా?"

"అలాంటిదే అత్తయ్యా, కాకపోతే..."

"సరేలే. తుప్పుకి నూనె రాయాలన్నది కెమిస్ట్రీ చదవని వాళ్ళకీ తెలుసు."

నలిపాక పది నిమిషాలు ఆగి పొయ్యి మీద పెట్టమంటే గడియారం వంక చూసింది. "వెల్లుల్లికి కూడా విశ్రాంతా? యాభై ఏళ్ళలో నాకెవరూ ఇవ్వలేదే." అన్నది కానీ పది నిమిషాలూ ఆగింది. ఆ తర్వాత మూడు నెలలూ ఆగింది.

నేను ఒక నోటుబుక్కు పెట్టాను. వారానికొకసారి నూనె కాచడం, సరిగ్గా ఏడు చెంచాలు పట్టే సీసాలో పోయడం, రోజూ మందు సీసాతో వచ్చే కొలత చెంచాతో ఒకటి తీసి, వేలెడంత సీసాలో పోసి ఆయన క్యారేజీలో పెట్టడం. మధ్యాహ్నం భోజనంలో కలుపుకోవాలి. ఆదివారం ఇంట్లోనే. పోసిన ప్రతి చెంచాకీ ఒక గీత. కూరల్లో నూనె తగ్గించాను, అదీ రాశాను. వేలెడంత సీసా రోజూ ఖాళీగా వచ్చేది. కడిగి మరీ తెచ్చేవారు. పెళ్ళైనప్పటి నుంచి క్యారేజీ గిన్నె కడిగి ఎరగని మనిషి సీసా కడిగి తెస్తున్నాడని నేను మురిసిపోయాను. దాన్ని మాత్రం పుస్తకంలో రాయలేదు.

సోమవారం సాయంత్రం కాగితం వచ్చింది. మొత్తం రెండు వందల ఇరవై రెండు. చెడుది నూట నలభై ఒకటి.

నేను మూడుసార్లు తీసివేత చేశాను. ముప్పై మూడు తగ్గింది. నూట ముప్పైకి దిగలేదు. దిగలేదని ఏడవాలా, తగ్గిందని నవ్వాలా తెలియలేదు. మా ఆయన మాత్రం కాగితాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగారు.

"చూశావా అమ్మా, నీ నూనె!"

అత్తగారు ఇల్లెక్కి కూస్తుందని నేను అనుకున్నాను. ఆమె కాగితం తీసుకుని, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, చాలాసేపు చూసింది.

"ఇది నీదేనా?"

"నా పేరు ఉందిగా."

"ఇంకోసారి చేయించు. వేరే చోట." అని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు ఏమీ అర్థం కాలేదు. మర్నాడు పక్కింటి రిటైర్డ్ టీచరుగారు విషయం విని చిన్న గిన్నె పట్టుకుని వచ్చింది. "మా వారికీ కాస్త పోయండి పిన్నిగారూ. పదిమందికీ మేలు జరిగితే మీకే పుణ్యం."

"ఇంకా ఏం తేలలేదమ్మా," అంది అత్తగారు.

"తేలిందన్నాడే మీ అబ్బాయి?"

"వాడికి తేలింది. నాకు తేలలేదు."

టీచరుగారు ఖాళీ గిన్నెతో వెళ్ళిపోతూ నా వైపు చూసిన చూపులో, మేము రహస్యం దాచుకుంటున్నామన్న నింద ఉంది. మా అత్తగారు కూర మాడిపోయినా గొప్పగానే వడ్డించే మనిషి. అలాంటిది ముప్పై మూడు అంకెలు తగ్గించి నోరు మెదపకపోవడం ఏమిటి?

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాం. ఆమెకూ సంతోషమో కాదో తెలియని ముఖమే. "బరువు మూడు కిలోలు తగ్గారు. మంచిదే. నూనె అంటారా, కూరలో వేసుకుంటే వేసుకోండి, అది మాత్రకు బదులు కాదు. మీ నాన్నగారి సంగతి చూస్తే నాకు మాత్ర మొదలుపెట్టడమే నయమనిపిస్తోంది. మీరు అంతగా వద్దంటున్నారు కనక అడుగుతున్నాను, ఈ మూడు నెలలు నిజంగా ఏమేం చేశారో రాసుకుని శుక్రవారం రండి. అది చూసి, ఇంకో మూడు నెలలు ఆగొచ్చో లేదో చెప్తాను."

"అంతా రాసే ఉంది," అన్నాను నేను, కాస్త గర్వంగానే.

బుధవారమంతా పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. చదివినవాటిని బట్టి చూస్తే ఇంట్లో కాచిన నూనె ఇంత తగ్గించడం నమ్మశక్యంగా లేదు. కూరలో నూనె తగ్గించినందుకా? నేను తగ్గించింది రోజుకు రెండు చెంచాలు. బరువు ఎందుకు తగ్గారు? భోజనం ఎప్పటిలాగే చేస్తున్నారు. లెక్క ఎటు నుంచి చూసినా కుదరలేదు. కుదరని లెక్కను డాక్టరమ్మకు ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

గురువారం నా కళ్ళద్దాల కాడ దగ్గర మర వదులైంది. మర బిగించుకుని రావచ్చని మధ్యాహ్నం షాపుకు వెళ్ళాను. భోజనం వేళ కావడంతో యజమాని షట్టర్ సగానికి దించుతున్నారు. పెద్దాయన, అరవై దాటాయి. నన్ను చూసి ఒక్క వేలితో షట్టర్ పైకి లేపారు. చప్పుడు లేదు.

"కొత్తది వేయించారా?" అన్నాను. పాత షట్టర్ కూత వీధి చివరి దాకా వినిపించేది.

"పాతదేనమ్మా. మీ ఆయన చేతి చలవ. రెండు మూడు నెలలుగా రోజూ మధ్యాహ్నం కాస్త నూనె వేస్తున్నాడు. షట్టర్‌కి, తిరిగే కుర్చీకి, తలుపు బిజాగరీలకి. ఏం నూనో గానీ, ఆ వాసనకి నాకు గంట ముందే ఆకలేస్తోంది."

నేను వంగి షట్టర్ నడిచే గాడిలో వేలు పెట్టాను. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ వాసన నాకు తెలుసు. నలిపి, పది నిమిషాలు ఆగి, సన్న సెగ మీద కాచిన వాసన.

లోపల చీకటి గదిలో మా ఆయన క్యారేజీ విప్పబోతున్నారు. నన్ను చూసి గబగబా మూత పెట్టేశారు. "నువ్వా? ఏమిటిలా వచ్చావు?" మర సంగతి చెప్పాను. నిమిషంలో బిగించి, "వచ్చావు కదా, చూపు కూడా చూస్తాను కూర్చో," అన్నారు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. ఈయన ఎవరూ ఏమీ అనకముందే తడుముకుంటున్నారు.

కుర్చీ చప్పుడు లేకుండా తిరిగింది. ముక్కు మీద బరువైన ఇనుప ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చడం మొదలుపెట్టారు.

"ఇది బావుందా? ఇప్పుడు ఇది? మొదటిదా, రెండోదా?"

"రెండూ ఒకేలా ఉన్నాయి."

"ఒకటే అద్దం. తీసి మళ్ళీ అదే పెట్టాను. అప్పుడప్పుడు అలా పెట్టి చూస్తాను. చాలామంది రెండోది మేలంటారు. ఏదో ఒకటి చెప్పకపోతే బావుండదని."

"షట్టర్‌కి కొలెస్ట్రాల్ ఎంతుందండీ?" అన్నాను.

అద్దం ఆయన వేళ్ళ మధ్యే ఆగిపోయింది. ఫ్రేము నా ముక్కు మీద ఉండటంతో ఒక కంటికి ఆయన స్పష్టంగానూ, ఇంకో కంటికి అలుక్కుపోయినట్టూ కనిపిస్తున్నారు. పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు.

"పది రోజులు తాగాను. ఒట్టు."

"తర్వాత?"

"ఒకావిడ వచ్చింది. నేను అద్దం పెట్టడానికి దగ్గరకు వంగగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. చదవమంటే గొంతు పెగల్లేదు. సరే, ఆవిడ సున్నితమనుకున్నాను. మర్నాడు ఇంకొకాయన. చివరి రెండు వరసలు తప్పులు చదివాడు. పవరు పెంచాను, అయినా తప్పే. ఇంకా పెంచాను. కళ్ళద్దాలు తయారయ్యాక పెట్టుకుని మెట్లు దిగబోతే కళ్ళు తిరిగాయట. మళ్ళీ పరీక్ష చేస్తే పాత పవరే సరిపోయింది. ఏమిటయ్యా అంటే, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడట. త్వరగా లేచిపోదామని నోటికొచ్చింది చదివాడట." ఆయన అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచారు. ఆ పని ఎవరు చేసినా ఒప్పుకోని మనిషి. "ఇరవై రెండేళ్ళలో ఎవరికీ తప్పు అద్దం ఇవ్వలేదు నేను."

"అమ్మకి చెప్పొచ్చుగా?"

"చెప్పాను. వాసనేస్తోందేమోనమ్మా అన్నాను. వాసనదేముంది, బతికుంటే చాలు అంది. ఇంకేం చెప్పను?"

ఆయన ఆ మాట అనడం నాకూ గుర్తుంది. నేను అప్పుడు పుస్తకంలో గీత గీస్తున్నాను.

"మరి బరువెలా తగ్గారు?"

ఆయన తల గోక్కున్నారు. "సీసా గాడిలో వంచిన ప్రతిరోజూ మనసు పీకేది. అమ్మ చేతులు చూశావుగా, వెల్లుల్లి ఒలిచి ఒలిచి గోళ్ళ దగ్గర పొట్టు లేచిపోయింది. ఊరికే ఉండలేకపోయాను. రెండు స్టాపుల ముందే బస్సు దిగి నడవడం మొదలుపెట్టాను. సాయంత్రం కూడా. నాలుగింటికి మా యజమానితో కలిసి తినే వేపుళ్ళు మానేశాను. ఒకచోట మోసం చేస్తూ, రెండోచోట కూడానా అనిపించింది."

ఇనుప ఫ్రేము తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. "అంటే నూనె తాగనందుకు నడిచారు. నడిచినందుకు తగ్గింది. ఇంతకీ నూనె పనిచేసినట్టా, చేయనట్టా?"

"నన్నడుగుతావేం? కెమిస్ట్రీ చదివింది నువ్వు. షట్టర్ అయితే తుప్పు పట్టలేదు."

నవ్వు వచ్చింది, కానీ నవ్వలేదు. "రేపు డాక్టరమ్మకి ఏం చెప్తారు?"

"తాగాననే. నడిచానని కూడా చెప్తాను, అది నిజమేగా. ఇంకో మూడు నెలలు దొరుకుతాయి."

"ఆ తర్వాత?"

ఆయన నా వైపు చూడలేదు. "వచ్చే ఏడాదికి యాభై ఒకటో ఏడు దాటేస్తాను కదా. దాటాక చూద్దాం," అన్నారు. ఆ మాట ఆయన ఎన్నాళ్ళ నుంచి మనసులో తిప్పుకుంటున్నారో నాకు తెలియదు. ఆ ఏడాది గట్టున పడితే చాలని, అప్పటి దాకా ఒక్క మాత్ర కూడా పెదవి దాటకూడదని ఒక లెక్క వేసుకున్నట్టున్నారు. నా లెక్కల కంటే పాతది ఆ లెక్క. "అమ్మకి చెప్పకు," అన్నారు నేను లేస్తుంటే.

ఇంటికొచ్చేసరికి అత్తగారు వంటింట్లో పీట వేసుకుని వెల్లుల్లి ఒలుస్తోంది. నేను చెప్పాలా, వద్దా? చెప్తే ఆమె మనసు విరుగుతుంది. చెప్పకపోతే తొంభై ఒక్క గీతలున్న పుస్తకాన్ని, అబద్ధమని తెలిసి, నా చేతులతో డాక్టరమ్మకు ఇవ్వాలి. ఆమె దాన్ని నమ్మి మాత్ర ఆపుతుంది. చెప్పులు విడిచి, నీళ్ళు తాగి, గ్లాసు కడిగి, మళ్ళీ కడిగాను.

"షాపుకి వెళ్ళొచ్చావుగా," అంది ఆమె తలెత్తకుండా. "ఎక్కడ పారబోస్తున్నాడు?"

నేను గ్లాసు బోర్లించి ఆమె వైపు తిరిగాను.

"మీకెవరు చెప్పారు?"

"వాడి దిండు గలేబులు ఉతికేది నేనే కదమ్మాయ్. మొదటి వారం తలగడ దగ్గరకు పోలేకపోయాను, అంత వాసన. రెండో వారం నుంచి చూస్తున్నాను. ఆదివారం మన కళ్ళెదుట తాగుతాడా, సోమవారం పొద్దున వాసన వస్తుంది. మిగతా వారమంతా ఉత్త సబ్బు వాసన. నీ పుస్తకంలో రోజూ గీత ఉంటుంది. దిండులో వారానికి ఒకటే గీత."

నేను పీట పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. మొదటి పది రోజులు, ఆ తర్వాత పన్నెండు ఆదివారాలు. ఇరవై రెండు చెంచాలు. మిగతా అరవై తొమ్మిదీ షట్టర్‌కి.

"తెలిసీ ప్రతివారం కాచారా?"

"కాచకపోతే నాకు తెలిసిందని వాడికి తెలుస్తుంది. తెలిస్తే ఇంకా బాగా దాస్తాడు. వాళ్ళ నాన్న కూడా అంతే." చాకు కింద పెట్టి చేతులు పైటకు తుడుచుకుంది. "అంకె తగ్గిందని మీరందరూ గంతులేస్తుంటే నాకు మతిపోయింది. తాగనివాడికి ఎలా తగ్గిందో నాకు తెలియడం లేదు. వేరే ఎవరి కాగితమో అనుకున్నాను."

షట్టర్ సంగతి, నడక సంగతి, వేపుళ్ళ సంగతి చెప్పాను. ఆమె వింటూ ఒలిచిన పొట్టంతా ఒకచోటికి పోగు చేసింది. ఆఖరికి, "అయితే మంచి పనే చేశాడు వెధవ," అంది. ఆ వెంటనే లేచి తన గదిలోకి వెళ్ళి, పెట్టెలోంచి నల్లటి పాత కళ్ళద్దాల డబ్బా ఒకటి తెచ్చింది. మామగారి కళ్ళద్దాలు అందులో దాచుకుందని మేమందరం అనుకునే డబ్బా. మా ఆయన దాన్ని ఏనాడూ తెరవమని అడగలేదు.

ఆమె మూత తీసింది. కళ్ళద్దాలు లేవు. పసుపెక్కిన కాగితపు పొట్లం. అందులో చిన్న చిన్న తెల్ల మాత్రలు, కొన్ని అంచులు రాలి పొడి పొడిగా ఉన్నాయి.

"ఆయన పోయిన రెండు నెలలకి దొరికింది. నాలుగో రోజున కాళ్ళు లాగుతున్నాయన్నారు. అలవాటవుతుంది, వేసుకోండి అన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. రోజూ నా ముందే డబ్బాలోంచి ఒకటి తీసుకుని నీళ్ళు తాగేవారు. మాత్రేమో ఇందులోకి పోయేది."

"మరి ఆయనకి ఎందుకు చెప్పలేదు, ఇన్నేళ్ళు?"

"పదిహేడేళ్ళవాడికి ఏమని చెప్పను? మీ నాన్న మనందరినీ మభ్యపెట్టి పోయాడనా? మాత్రే చంపింది అనుకుని ఏడుస్తున్నాడు, ఏడవనీలే అనుకున్నాను. మాత్రకేం, ఎంత తిట్టినా బాధపడదు. అది ఇలా వచ్చి వాడి మెడకే చుట్టుకుంటుందని నాకేం తెలుసు?"

ఆమె పొట్లం మడిచి డబ్బాలో పెట్టింది. ఒలిచిన వెల్లుల్లి పళ్ళెంలో అలాగే ఉంది. ఆ పూట కాచలేదు.

ఆ సాయంత్రం నలుగురం భోజనానికి కూర్చున్నాం. వడ్డన అయ్యాక అత్తగారు డబ్బా తెచ్చి కొడుకు కంచం పక్కన పెట్టింది.

"నాన్న కళ్ళద్దాలెందుకమ్మా ఇప్పుడు?"

"తెరువు."

ఆయన ఎడమ చేత్తో తెరిచారు. పొట్లం విప్పారు. కాసేపు చూసి, నా వంక చూసి, మళ్ళీ వాళ్ళమ్మ వంక చూశారు. ఆమె నాకు చెప్పినట్టే చెప్పింది, ఒక్క మాట ఎక్కువ కాదు, తక్కువ కాదు. మా అమ్మాయి ముద్ద కలపడం ఆపేసింది.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి మాత్రలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. రెండేసి చొప్పున, అద్దాలు సర్దేటంత జాగ్రత్తగా, బల్ల అంచున వరుసలో పెట్టారు. ఇరవై నాలుగు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టారు.

"డబ్బాలో రెండు మిగిలాయి," అన్నారు నెమ్మదిగా. "అంటే నాలుగే వేసుకున్నాడు."

"నాలుగే."

"నేను ఇరవై ఎనిమిది అనుకున్నాను."

"అనుకోనిచ్చాను," అంది ఆమె. "నాదే తప్పు. నువ్వు షట్టర్‌కి పోసిన దానికి నిన్నేమీ అనను. వాసన సంగతి నువ్వు చెప్పినప్పుడు నేను చెవిన పెట్టలేదు. మీ నాన్న కాళ్ళు లాగుతున్నాయన్నప్పుడూ అంతే."

"షట్టర్‌కి ఏం పోశారు?" అంది మా అమ్మాయి. ఎవరూ జవాబు చెప్పకపోతే, "నాకెవరూ ఏం చెప్పరు ఈ ఇంట్లో," అని గొణిగింది. తర్వాత చెప్తానని సైగ చేశాను.

నేను పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాను. అరవై తొమ్మిది గీతలు కొట్టేసి ఉన్నాయి. "రేపు దీన్ని ఇలాగే ఇస్తాను," అన్నాను. "నడక, వేపుళ్ళు కలిపి రాశాను. ఏది పనిచేసిందో మాత్రం నాకు తెలియలేదు. ఇరవై రెండు చెంచాలు ఏమైనా చేశాయేమో, అదీ తెలియదు. తెలియదనే రాశాను."

ఆయన కొట్టేసిన గీతల వైపు చూశారు. తండ్రి మాత్రలను పొట్లంలోకి ఒక్కొక్కటిగా చేర్చారు. మూత వేశాక డబ్బాను వాళ్ళమ్మ వైపు జరపలేదు, తన దగ్గరే ఉంచుకున్నారు.

"రేపు మాత్ర రాయించుకుంటాను," అన్నారు. "రోజూ ఇక్కడే వేసుకుంటాను, ఈ కుర్చీలో, అందరి ముందు. కాళ్ళు లాగితే ఆ రోజే చెప్తాను. చెప్తే వినాలి మరి."

"వింటాను," అంది అత్తగారు.

"నడక మానను. వేపుళ్ళు కూడా వద్దు."

"అన్నీ కలిపి ఒకేసారి చేస్తే, వచ్చేసారి ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుందండీ?" అన్నాను. నోరు జారి వచ్చేసింది.

"తెలియకపోతే పోనీవే," అన్నారు ఆయన, కంచం దగ్గరకు లాక్కుంటూ. "నూనె మాత్రం ఆదివారం ఒక్కరోజే. సోమవారం షాపుకి కాస్త ఆలస్యంగా వెళ్తాను."

"మరి షట్టర్‌కి?" అంది అత్తగారు.

"దానికి మెషీన్ నూనె కొంటాను."